రెండో తెరకు దారి సీపీయూ వెనకే ఉంది

శ్రీ విజయపురంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరు నుంచి ఇదే పేరు. ఆమె ముందున్నది ఓ మామూలు డెస్క్‌టాప్. తెర మీద ఆన్‌లైన్ పాఠం నడుస్తోంది. మాస్టారు చూపించిన లెక్కను ఎక్కించుకోవాలంటే పాఠాన్ని కిందికి దించి, నోట్సు ఫైలు తెరవాలి. తెరిచేలోగా మూడో అంకె మరుపుకొస్తుంది. మళ్లీ పాఠం, మళ్లీ నోట్సు. ఇంట్లో అటక మీద పాత కంప్యూటర్ తాలూకు 17 అంగుళాల మానిటర్ ఒకటి అట్టపెట్టెలో పడి ఉంది. దాన్ని రెండో తెరగా పెట్టుకోవచ్చా? పెట్టుకోవాలంటే ఏం కొనాలి?

విజయవాడలోనో వరంగల్‌లోనో తప్పు కేబుల్ కొన్నవారు సాయంత్రం అదే దుకాణానికి వెళ్లి మార్చుకుంటారు. అండమాన్‌కు సరుకు చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. అందుకే ఏదైనా తెప్పించుకునే ముందు ఆ తీగల్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడం మేలు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ ఈ ప్రశ్న తలెత్తుతూనే ఉంటుంది.

ఒక తెర ఎందుకు చాలదు?

మనిషి ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగే విషయాలు చాలా తక్కువ. ఆ సంఖ్య ఏడుకు అటూ ఇటూ ఉంటుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు దాన్ని నాలుగు దాకా తగ్గించాయి. ఒక ఫైలు మూసి మరొకటి తెరిచే ప్రతిసారీ ఆ కొద్దిపాటి చోటులోంచి ఏదో ఒకటి జారిపోతుంది. రెండు తెరలుంటే చూడాల్సింది ఒకదాని మీద, రాయాల్సింది మరొకదాని మీద ఉంటాయి. గుర్తుపెట్టుకునే పని కళ్లు తీసుకుంటాయి.

దీవుల్లో ఈ అవసరం ఈమధ్య మరింత పెరిగింది. చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహ అనుసంధానమే ప్రధాన దిక్కు. కేబుల్ వచ్చాక వీడియో పాఠాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, దూరవైద్యం అన్నీ ఇదే డెస్క్‌టాప్ మీదికి చేరాయి. తెర మాత్రం ఒకటే.

పాత కంప్యూటర్ రెండింటిని మోయగలదా?

చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. లెక్క వేసి చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600 పిక్సెళ్లు. కంప్యూటర్ తన మెమరీలో ప్రతి చుక్కకూ 4 బైట్లు కేటాయిస్తుంది. అంటే ఒక తెర బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు, మామూలు మాటల్లో 8.3 మెగాబైట్లు. దీన్ని ఫ్రేమ్ బఫర్ అంటారు. 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఇది సముద్రంలో చెంబుడు నీళ్లు.

అయితే ఆ బొమ్మను సెకనుకు 60 సార్లు చదివి తెరకు పంపాలి. అంటే సెకనుకు సుమారు 500 మెగాబైట్లు. పదేళ్ల నాటి డీడీఆర్3-1600 రకం ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉన్నా సెకనుకు గరిష్ఠంగా 12,800 మెగాబైట్లు అందించగలదు. రెండో తెర అందులో తీసుకునేది 4 శాతమే. పాఠం, నోట్సు, లెక్కల పట్టిక లాంటి పనులకు ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. 2011 నాటి రెండో తరం ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగమే రెండు తెరలను నడపగలదు. 2012లో వచ్చిన మూడో తరం మూడింటిని నడపగలదు. ఇక మిగిలింది మదర్‌బోర్డు మీద ఎన్ని పోర్టులు బయటకు ఇచ్చారన్నదే.

తీగలో ఏం ప్రయాణిస్తుంది?

సీపీయూ డబ్బాను కాస్త తిప్పి వెనక చూస్తే సాధారణంగా రెండు పోర్టులు కనిపిస్తాయి. ఒకటి 15 రంధ్రాలతో, రెండు పక్కలా స్క్రూ గుంతలతో ఉండే వీజీఏ. ఇది 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చింది. రెండోది సన్నగా, బల్లపరుపుగా ఉండే హెచ్‌డీఎంఐ. దీని తొలి ప్రమాణం 2002లో వెలువడింది. కొన్నింటిలో హెచ్‌డీఎంఐకి బదులు డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది.

రెండూ చేసే పని ఒకటే అయినా మాట్లాడే భాష వేరు. వీజీఏ తీగలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వోల్టేజి రూపంలో వెళ్తాయి. సున్నా అంటే నలుపు, 0.7 వోల్టులంటే పూర్తి వెలుగు. మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. ఇది అనలాగ్. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి సున్నాలు, ఒకట్లు మాత్రమే. ఇది డిజిటల్.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఒక చివర హెచ్‌డీఎంఐ, మరో చివర వీజీఏ ఉన్న ఉత్త తీగ ఈ భాషను మార్చలేదు. అంకెలను వోల్టేజిగా మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. పైగా ఆ కన్వర్టర్ ఒకవైపే పనిచేస్తుంది. కంప్యూటర్ హెచ్‌డీఎంఐ నుంచి మానిటర్ వీజీఏకి వెళ్లేది ఒకటి, కంప్యూటర్ వీజీఏ నుంచి మానిటర్ హెచ్‌డీఎంఐకి వెళ్లేది మరొకటి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పేరు తిరగేసి ఆర్డర్ చేస్తే సముద్రం దాటి వచ్చిన పొట్లం పనికిరాదు. ఒక వీజీఏను రెండుగా చీల్చే స్ప్లిటర్ కూడా అంతే. అది రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపిస్తుంది తప్ప కొత్త చోటు ఇవ్వదు.

కొనక్కర్లేని కన్వర్టర్

మళ్లీ మన అమ్మాయి బల్ల దగ్గరికి వద్దాం. ఆమె కొత్త మానిటర్‌కు వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్నాయి. పెట్టెలో వీజీఏ తీగ వచ్చింది కాబట్టి మొదటి రోజు దాన్నే తగిలించారు. అటక మీది మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంది. కంప్యూటర్ వీజీఏ నిండిపోయింది, హెచ్‌డీఎంఐ ఖాళీ. ఇది చూసి ఆమె కన్వర్టర్ తెప్పించుకోవాలని అనుకుంది.

ఆ అవసరం లేదు. కొత్త మానిటర్‌ను హెచ్‌డీఎంఐకి మార్చి, ఖాళీ అయిన వీజీఏను పాత మానిటర్‌కు ఇస్తే సరిపోతుంది. కావలసింది ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు మధ్య ఉండేది అదే. ముందు దాన్ని తీసి పరీక్షించి, పనిచేశాకే మరొకటి కొనుక్కోవచ్చు.

తగిలించాక విండోస్ మీట, పి అక్షరం కలిపి నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి. వాటిలో ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి. ‘డూప్లికేట్’ ఎంచుకుంటే రెండింటి మీదా ఒకే బొమ్మ వస్తుంది. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని కనిపించే పెట్టెలను బల్ల మీద ఉన్న వరసలోకే జరపాలి. లేకపోతే మౌస్ కుడికి తోస్తే ఎడమ తెరలో తేలుతుంది. ఎక్కువసేపు చూసే తెర ముఖానికి ఎదురుగా, చేతి దూరంలో ఉండాలి. రెండోది పక్కన కాస్త ఒంపుగా ఉంటే మెడకు హాయి. డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మాత్రం రెండు తీగలనూ ఆ కార్డుకే తగిలించాలి. చాలా కంప్యూటర్లలో కార్డు పెట్టగానే మదర్‌బోర్డు పోర్టులు నిద్రపోతాయి.

ఉప్పుగాలి, డీజిల్ కరెంటు

గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువు తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. దీవుల్లో తేమ తరచూ ఆ గీత దాటుతుంది. పోర్టుల లోహపు కాళ్ల మీద చేరిన ఆ ఉప్పునీటి పొర విద్యుత్తును ప్రవహింపజేసి లోహాన్ని తినేస్తుంది. అందుకే అటక మీది మానిటర్‌ను దించగానే స్విచ్ వేయకూడదు. ఒక రోజు పొడిగదిలో ఆరనిచ్చి, కాళ్లు పచ్చబడ్డాయేమో చూసి, కంప్యూటర్‌కు తగిలించకుండా కరెంటు మాత్రమే ఇచ్చి చూడాలి. ‘నో సిగ్నల్’ అని వస్తే తెర చాలావరకు బాగున్నట్టే. కాలిన వాసన వస్తే వెంటనే ఆపేయాలి. మూత మాత్రం విప్పవద్దు. పాత ఎల్‌సీడీలలో దీపాన్ని వెలిగించేది కొన్ని వందల వోల్టుల సర్క్యూట్. ఆ దీపంలో కొద్దిగా పాదరసమూ ఉంటుంది.

కరెంటు సంగతీ చూడాలి. దీవుల విద్యుత్తులో అధిక భాగం డీజిల్ జనరేటర్లదే. ఆ డీజిల్ కూడా ఓడలోనే వస్తుంది. పాత 17 అంగుళాల ఎల్‌సీడీ 30 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 5 గంటల చొప్పున నెలకు 4.5 యూనిట్లు. యూనిట్‌కు పావు లీటరు డీజిల్ అనుకున్నా నెలకు లీటరుకు పైనే. వాడని వేళ రెండో తెర స్విచ్ ఆపడం ఇక్కడ పొదుపు లెక్కే.

యూపీఎస్‌కూ భారం పెరుగుతుంది. డబ్బా, మొదటి తెర కలిపి 80 వాట్లు వాడుతుంటే, రెండో తెరతో 110 అవుతుంది. బ్యాటరీ నిలిచే సమయం పావు వంతుకు పైగా తగ్గుతుంది. రెండో మానిటర్‌ను మామూలు ప్లగ్గుకు తగిలించి, సేవ్ చేయాల్సిన పనిని యూపీఎస్ మీదున్న మొదటి తెరలో ఉంచుకోవడం మంచి పద్ధతి. కరెంటు పోతే పాఠం ఆరిపోతుంది, నోట్సు మిగులుతుంది.

మీటరున్నర తీగ గొప్పదనం

ఒక ఫుల్ హెచ్‌డీ తెరకు కుదించని రూపంలో సెకనుకు సుమారు 3 గిగాబిట్ల సమాచారం కావాలి. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి వచ్చే సముద్ర కేబుల్‌కు ప్రకటించిన సామర్థ్యం 2×200 గిగాబిట్లు. అంటే దీవులన్నింటినీ దేశంతో కలిపే ఆ కేబుల్ మొత్తం, కుదించని బొమ్మలైతే ఇలాంటి తెరలను 130కి కాస్త పైగా మాత్రమే నింపగలదు. వీడియో పాఠాలను బాగా కుదించి పంపడం వల్లే వేలమంది ఒకేసారి చూడగలుగుతున్నారు. ఆ ముడతలు విప్పి మూడు గిగాబిట్లుగా పరిచే పని ఇంట్లోని మామూలు డెస్క్‌టాప్ చేస్తుంది. టీవీ వెనక నుంచి ఊడదీసి తెచ్చిన మీటరున్నర తీగ దాన్ని చడీచప్పుడు లేకుండా మోస్తుంది.

ఇప్పుడు ఎదురుగా నోట్సు, పక్కన పాఠం. మూడో అంకె మరచిపోతే తల కాస్త పక్కకు తిప్పితే చాలు.