తిరుమల కొండల సాక్ష్యం

భూమి పైపొర అఖండమైనది కాదు. అది అనేక ఫలకాలుగా విడివడి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతూ ఉంటుంది. రెండు భూఖండ ఫలకాలు ఢీకొన్నప్పుడు వాటి నడుమనున్న సముద్రపు అడుగు పొరలు నలిగి, ముడుతలుపడి పర్వతాలుగా లేస్తాయి. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత ఫలకం ఆసియాను ఢీకొనగా హిమాలయాలు ఈ విధంగానే ఆవిర్భవించాయి; నేటికీ పెరుగుతున్నాయి.

వాటితో పోల్చితే తిరుమల శిలలు వయోవృద్ధమైనవి. వాటి వయస్సు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాటే. తిరుపతి నుండి కనుమదారిలో పయనించేవారికి కొండచరియపై ఒక సంధిరేఖ గోచరిస్తుంది. దాని దిగువన ఆదిమ గ్రానైటు. ఎగువన ఇసుక పేరుకొని గట్టిపడిన క్వార్ట్జైటు పొరలు. ఆ రెంటి నడుమ కోట్లాది సంవత్సరాల చరిత్ర కోతకు గురై మాసిపోయింది. ఇక్కడ దాదాపు సమతలంగా ఉన్న ఈ కడప శిలావర్గమే నల్లమలలో తూర్పునుండి కలిగిన ఒత్తిడికి ముడుతలు పడింది.

ఫలకాలు పైకెత్తిన కొండలను గాలి, నీరు తొలుస్తాయి. ఆలయానికి చేరువనున్న శిలాతోరణం ఆ చెక్కడానికి నిదర్శనం. సంధిరేఖ, శిలాతోరణం రెండూ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా గుర్తింపు పొందాయి. కాగితంపై చెరిగిన అక్షరాన్ని తిరిగి వ్రాయవచ్చు. కొండపై చెరిగిన రేఖను తిరిగి గీయడం మానవులకు సాధ్యం కాదు.