యంత్రచిత్రములు - సంఖ్యల సవరణ

బరంపురమునందలి మా యింట నొక పాత ఛాయాచిత్రము కలదు. మా మాతామహి తన వివాహానంతరము 1938లో తీయించుకొన్నది. బరంపురము మద్రాసు రాజధాని నుండి విడివడి, 1936 ఏప్రిలు 1వ తేదీన క్రొత్తగా నేర్పడిన ఒడిశాలో చేరి అప్పటికి రెండేండ్లు. చిత్రమున నామె కుర్చీపై కూర్చుండియున్నది. కట్టినది బరంపురపు పట్టుచీర. అంచు పొడవునను గోపురముల వలె వరుసగా నిలిచిన కుంభముల నేత స్పష్టముగా కానవచ్చును. ముక్కున చిన్న నత్తు. చెమ్మ తగులుటచే చిత్రమున రెండు పెద్ద మచ్చలు పడినవి. ఒకటి ఎడమ చెక్కిలిని, మరియొకటి చీర అంచును కప్పివేసినది.

స్మారక సంచికకు పాత కుటుంబముల చిత్రములు కావలెనని సంఘము వారు కోరగా, దీనిని బాగుచేసి పంపవలెనని తలచితిమి. మా మనుమడు తన కంప్యూటరునందలి ఏ.ఐ. చిత్రయంత్రమునకు దీనిని అప్పగించెను. అరనిమిషములో చిత్రము వచ్చినది. మచ్చలు లేవు, ముడుతలు లేవు, కన్నులలో వెలుగు. ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. ఎనుబదేండ్లు దాటిన మా పిన్ని మాత్రము అద్దములు సవరించుకొని చూచి, "ఈవిడెవర్రా?" అని యడిగినది. అప్పుడు గాని మేము సరిగా చూడలేదు. నత్తు పెరిగి సినిమా పెండ్లికూతురి నత్తయినది. కుంభములు పోయి అంచున లతలు అల్లుకొన్నవి. ముఖము చక్కనిదే, కాని అది మా అమ్మమ్మ ముఖము కాదు.

ఇట్లేల జరిగెనో తెలియవలెనన్న యంత్రము పనిచేయు తీరును కొంత ఎరుగవలెను. మేము వాడినది స్టేబుల్ డిఫ్యూజన్ అనునది. మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులును, రన్‌వే, స్టెబిలిటీ ఏ.ఐ. అను సంస్థలును కలసి రూపొందించిన యీ సాధనము 2022 ఆగస్టులో విడుదలయినది. దీనిని సొంత కంప్యూటరులోనే నడుపుకొనవచ్చును. దీనికి నేర్పిన విద్య యొక్కటే. చక్కని చిత్రముపై ఇసుక చల్లినట్లుగా చుక్కల గందరగోళమును వేయి మెట్లలో కొంచెము కొంచెముగా కలుపుదురు. ఏ మెట్టున ఎంత ఇసుక కలిసినదో యంత్రము ఊహింపవలెను. ఊహించుట వచ్చినచో తీసివేయుటయు వచ్చును. పిదప వట్టి ఇసుకనే యిచ్చి, "ఇందు పట్టుచీర కట్టిన స్త్రీ యున్నది, వెలికి తీయుము" అన్నచో తీయును. మబ్బులలో ఏనుగును చూపెదమన్నచో పిల్లలకు ఏనుగే కనబడునట్లు, దీనికిని చెప్పినది కనబడును. యంత్రము పాతచిత్రమును తుడుచుటలేదు, చెరిపి మరల గీయుచున్నది. ఎంత చెరుపవలెనో, ఎట్లు గీయవలెనో నిర్ణయించునవే సెట్టింగులు.

వీనిలో మొదట పట్టుకొనవలసినది సీడ్ అను సంఖ్య. ఏ పిడికెడు ఇసుకతో ఆరంభింపవలెనో అది చెప్పును. సీడ్‌ను, తక్కిన సంఖ్యలను మార్పక మరల నడపినచో అదే యంత్రముపై అదే చిత్రము వచ్చును. మేమీ సంగతి తెలియక ఒక సాయంకాలమంతయు వ్యర్థపరచితిమి. మనుమని తెరపై సీడ్ అనుచోట -1 అని యుండెను. అనగా ప్రతిమారును యంత్రము తనకు తోచిన సంఖ్యను తీసికొనుచుండెనన్నమాట. మేము మరియొక సెట్టింగును మార్చి, "మేలయినది, కీడయినది" అని వాదులాడుకొనుచుంటిమి గాని, మారినవి రెండు. వీణకు రెండు తీగలను ఒక్కసారి బిగించి ఏది శ్రుతి తప్పినదో చెప్పగలవారెవరు? సీడ్‌ను కట్టివేసి, ఒక్కొక్క సంఖ్యనే కదలింపవలెను.

స్టెప్స్ అనునది ఇసుకను ఎన్ని మార్లుగా తీయవలెనో చెప్పును. 20 మొదలు 30 వరకు సాధారణముగా చాలును. నూరు పెట్టిన కాలము పట్టును గాని ఫలము స్వల్పము. ఈ తీసివేతకు ఏ లెక్కను వాడవలెనో చెప్పునది శాంప్లర్. యూలర్ ఏ వంటి కొన్ని శాంప్లర్లు ప్రతి మెట్టునను కొంత క్రొత్త ఇసుకను చల్లును. అందుచే వానికి స్టెప్స్ మార్చినచో చిత్రమే మారిపోవును. మనవంటి పనికి ఆ జాతివి తగవు.

సి.ఎఫ్.జి. స్కేల్ అనుదానిని గూర్చి కొంత చెప్పవలెను. మనము వ్రాసి యిచ్చు వర్ణనను ప్రాంప్ట్ అందురు. యంత్రము ప్రతి మెట్టునను రెండు ఊహలు చేయును: ప్రాంప్ట్ విన్నచో నెట్లుండును, విననిచో నెట్లుండును. ఆ రెంటి భేదమును ఈ సంఖ్యచే హెచ్చించి చిత్రమును ఆ దిక్కుగా త్రోయును. 7 ప్రాంతమున చిత్రము సహజముగా నుండును. 15 దాటినచో రంగులు మండిపోయి, వెలుగునీడలు కత్తితో కోసినట్లగును. ఇది యెంత హెచ్చించిన చిత్రము మన మాటకంత దగ్గరగునని చాలమంది యనుకొందురు. మాట వినుట వేరు, మాటను కేకవేయుట వేరు. వలదనుకొన్న వానిని వ్రాయు నెగటివ్ ప్రాంప్ట్‌ను యంత్రము ఆ రెండవ ఊహ స్థానమున నిలుపును. కనుకనే స్కేల్ 1 అయినప్పుడు నెగటివ్ ప్రాంప్ట్‌నందు ఏమి వ్రాసినను ఫలము లేదు.

ఇక మా యింటి చిత్రమును మార్చివేసిన సంఖ్య. పాతచిత్రమును ఇచ్చి క్రొత్తది కోరునప్పుడు డీనాయిజింగ్ స్ట్రెంగ్త్ అనునది 0 మొదలు 1 వరకు ఉండును. పాతచిత్రముపై ఎంత ఇసుక చల్లి ఆరంభింపవలెనో ఇది నిర్ణయించును. 30 స్టెప్స్ పెట్టి ఈ సంఖ్యను 0.2 చేసినచో యంత్రము 6 మెట్లు మాత్రమే నడచును, 0.75 అయినచో 22 మెట్లు. మనుమని తెరపై మొదటినుండియు ఉన్నది 0.75. అనగా మా అమ్మమ్మలో నాలుగింట మూడుపాళ్ల దారి చెరిపిన తరువాతనే యంత్రము గీయుటకు మొదలుపెట్టినదన్నమాట.

సీడ్‌ను కట్టివేసి నాలుగుమార్లు నడపితిమి. 0.2 వద్ద ముఖము నిలిచినది, మచ్చయు నిలిచినది. 0.35 వద్ద మచ్చ పలుచనయ్యెను గాని నత్తు అస్పష్టమయ్యెను. 0.5 వద్ద కుంభములు లతలగుటకు ఆరంభించినవి. 0.75 వద్ద పిన్ని యెరుగని స్త్రీ వచ్చినది. ముఖముకంటె ముందుగా అంచు చెడుటకు వేరొక కారణము గలదు. ఈ యంత్రము చిత్రమును ఉన్నదున్నట్లు చూడదు. 512 చుక్కల చదరమును 64 గడుల చదరముగా కుదించి అందు పనిచేయును. నిలువున 8, అడ్డమున 8 చుక్కలు కలసి ఒక గడియగును. మా చిత్రమున ఒక్కొక్క కుంభము అంతకన్న నేమంత పెద్దది కాదు. కావున సన్నని నేతపని గల భాగమును విడిగా కత్తిరించి, పెద్దది చేసి, అప్పుడు యంత్రమునకు ఇయ్యవలెను. అట్లని మొత్తము చిత్రమును మిక్కిలి పొడవుగా గీయుమన్నచో ఈ సాధనపు తొలిరూపములు ఒక మెడపై రెండు తలలు నిలుపుటయు కద్దు. అవి 512 కొలతపై చదువుకొన్నవి.

ప్రాంప్ట్‌ను తెలుగున వ్రాసి చూచితిని. సంబంధములేని చిత్రము వచ్చినది. ఇది వింత కాదు. యంత్రపు చదువునకు ఆధారమైన లయాన్-5బి అను సేకరణలో 585 కోట్ల చిత్రములున్నను, తొలిరూపములకు ముఖ్యముగా నేర్పినది అందు ఆంగ్లవ్యాఖ్యలు గల 230 కోట్ల భాగమునుండి. ఇటీవలి కొన్ని సేవలు తెలుగును గ్రహించుచున్నవి, కాని ఈ సంఖ్యలను చాలవరకు మనకు చూపవు. ఆంగ్లమున "బర్హంపూర్ సిల్క్" అని వ్రాసినను అంచు కుదరలేదు. వంగదేశమున ముర్షిదాబాదు మండలమునందు నొక బహరంపురము గలదు, అచటి పట్టును ప్రసిద్ధమే. యంత్రము దేనిని తలచినదో, ఏదియు తలపలేదో! పేరు విడిచి, "అంచున మెట్లు మెట్లుగా నిలిచిన త్రికోణముల వరుస" అని ఆకారమును వర్ణింపగా కొంత దారికి వచ్చినది. షోలాపురపు పద్మశాలీల యిండ్లలోను, మదురై, హోసూరు, బళ్లారి కుటుంబములలోను ఇట్టి చిత్రములు గోడలపై నుండును. మన పెద్దలు ఎచటివారో, ఏ మగ్గపు బట్ట కట్టిరో వ్రాతలో లేనిచోట ఆ అంచులే సాక్ష్యము. యంత్రము తన చదువులో హెచ్చుగా చూచినదానివైపే ఒరగును.

తుదకు మేము చేసినదిది. చిత్రమంతయు యంత్రమునకు అప్పగింపక, ఇన్‌పెయింటింగ్ అను పద్ధతిచే చెక్కిలిమీది మచ్చపై మాత్రమే ముసుగు గీసితిమి. ముసుగు వెలుపలి భాగము పాతదే నిలుచును. స్ట్రెంగ్త్ 0.4, స్కేల్ 6, స్టెప్స్ 30. సీడ్‌ను మాత్రము మార్చి ఎనిమిది చెక్కిళ్లు తీసి పిన్ని యెదుట నుంచితిమి. ఆమె నాలుగవదాని వద్ద ఆగినది. కుడి చెక్కిలి చెడక యున్నది గనుకను, కన్నబిడ్డ సాక్షిగా నున్నది గనుకను ఈపాటి సాహసము చేసితిమి.

సంచికకు పంపిన చిత్రము క్రింద "ఎడమ చెక్కిలి యంత్రముచే పూరింపబడినది" అని వ్రాసి, పై సంఖ్యలను సీడ్‌తో సహా చేర్చితిమి. పాతచిత్రపు నకలును ప్రక్కనే యుంచితిమి. చీర అంచుమీది మచ్చను కదలింపలేదు. దాని చాటున ఎన్ని కుంభములున్నవో పిన్నికిని జ్ఞప్తిలేదు.