పని తెచ్చిన ఉబ్బసము

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో మోదెనా నగరమున ప్రకటించిన వృత్తిరోగ గ్రంథమునందు, రోగి మంచముచెంతకు వచ్చిన వైద్యుడు ప్రాచీనులు నేర్పిన ప్రశ్నలకు తోడుగ అతని వృత్తి యేమిటో కూడ అడుగవలెనని విధించెను. పిండిమరలయందును రొట్టెల బట్టీలయందును పనిచేయువారు దగ్గుతోను ఆయాసముతోను బాధపడుటను ఆయన ఆనాడే గమనించెను. మూడు శతాబ్దములు గడచినను ఆ ప్రశ్న మన ఆసుపత్రులలో తరచుగ మరపున పడుచున్నది. పెద్దవారిలో కనిపించు ఉబ్బసములో సుమారు నూటికి 15 పాళ్లు పనిచేయు చోటి గాలివలన కలుగుచున్నవని శ్వాసకోశవైద్యుల అంచనా. కావున ఆ మరపు స్వల్పమైనది కాదు.

ఉబ్బసమునకు మూలము శ్వాసనాళముల గోడలలో నెలకొన్న వాపు. ఆ వాపుచే నాళములు అతిసున్నితములై, ఇతరులను బాధింపని కొద్దిపాటి పొగకో చల్లగాలికో చుట్టునున్న కండరములు బిగుసుకొని, లోపొర ఉబ్బి, జిగట కఫము చేరి, గాలి త్రోవ ఇరుకగును. ఊపిరి వదలునపుడు వినవచ్చు పిల్లికూతలు ఆ ఇరుకుత్రోవ చప్పుడే. వృత్తివలన ఈ స్థితి రెండు విధముల ప్రాప్తించును. క్లోరిన్, అమ్మోనియా వంటి ఘాటువాయువులను ప్రమాదవశమున అధికముగ పీల్చినవానికి లోపొర దెబ్బతిని, ఒక్కదినము గడువకమునుపే ఆయాసము మొదలై నెలల తరబడి నిలుచుట మొదటి విధము. ఎక్కువమందికి సంభవించునది రెండవది: పిండి, గింజల ధూళి, ప్రయోగశాలలలో పెంచు ఎలుకల మూత్రము మున్నగువానిలోని ప్రొటీనులను దేహరక్షణవ్యవస్థ శత్రువులుగ నెంచి, వానికై ప్రత్యేకముగ ప్రతిరక్షకములను తయారుచేసికొనును. కార్లకు పిచికారి చేయు రంగులలోను, ఫోమ్ పరుపుల తయారీలోను వాడబడు ఐసోసైనేట్లవంటి చిన్న రసాయనములు మన ప్రొటీనులకే అతుకుకొని ఇట్టి వైరమును పుట్టింపగలవు.

ఈ వైరము ముదురుటకు వారములు మొదలు ఏండ్ల వరకు పట్టును. ఏండ్ల తరబడి చేయుచున్న పని ఇప్పుడెందుకు పడకపోవునని కార్మికుడును, ఒక్కొక్కప్పుడు వైద్యుడును మోసపోవుట ఇందువలననే. ఒకసారి దేహము తిరుగబడిన పిమ్మట, మునుపు ఏ హానియు చేయని రవంత ధూళియే ఆయాసమును రేపగలదు.

మన మెట్టపొలములకు చిరపరిచితమైన ఆముదమునే చూడుడు. అమెరికాలోని ఓహియో రాష్ట్రమున టొలీడో నగరమునందు, ఒక నూనెమిల్లు పరిసరములలో నివసించు పలువురిని పట్టిన ఉబ్బసమునకు ఆ మిల్లునుండి గాలిలో కలియు ఆముదపు గింజల ధూళియే హేతువని ఫిగ్లీ, ఎల్రాడ్ అను వైద్యులు 1928లో వెల్లడించిరి. గింజలోని రిసిన్ అను విషము వేరు, ఉబ్బసము కలిగించు ప్రొటీనులు వేరు. నూనె తీసినను ఇవి చెక్కలో మిగిలియుండును. కావున ఆముదపు చెక్క బస్తాలు మోయు హమాలీకిని, దానిని పొడిచేసి చేలకు ఎరువుగ చల్లు రైతుకును విడువని తుమ్ములు, దగ్గు పట్టుకొన్నచో ఆ ధూళిని శంకింపవలెను.

రోగనిర్ణయమునకు గొప్ప సాధనము పంచాంగమే యనవచ్చును. బేకరీలో పిండి జల్లించి కలుపు యువకునికి మొదట ముక్కు కారుట, తుమ్ములు, కంటిదురద కలుగును. కొన్ని నెలలకు దగ్గు, అదియు పనివేళలకంటె రాత్రివేళ హెచ్చుగ, బయలుదేరును. అతడు సంక్రాంతికి స్వగ్రామమేగి పదిదినములుండగా ఆయాసము తగ్గును. పట్నపు నీరు పడలేదనియు, ఊరిగాలి మంచిదనియు ఇంటివారు నిశ్చయింతురు. నిజమునకు పడనిది గోధుమపిండి కావచ్చును, లేదా రొట్టె పొంగుటకై పిండిలో కలుపు అమైలేజ్ అను ఎంజైము కావచ్చును. ఈ సందేహమును తీర్చునది పీక్ ఫ్లో మీటరు అను చిన్న గొట్టము. గట్టిగ ఊదినపుడు నిమిషమునకు ఎన్ని లీటర్ల వేగముతో గాలి వెలువడునో అది చూపును. దినమునకు నాలుగుసార్లు చొప్పున, పనిదినములును సెలవుదినములును కలిసివచ్చునట్లు, కొన్ని వారములు ఆ అంకెలను వ్రాసికొనవలెను. ఉదాహరణకు, సెలవులలో 450 ఉన్న అంకె పనిలోకి వెళ్లగనే దినదినము జారి 320కి దిగి, మరల సెలవులలో పైకెక్కినచో, కారణము పనిచోటనే యున్నదని ఆ కాగితమే సాక్ష్యమిచ్చును. పని మానిన పిమ్మట ఈ పరీక్షకు అవకాశముండదు గనుక, తీవ్రమైన ఆయాసము లేనివారు తొందరపడి కొలువు విడువక, మొదట వైద్యుని సలహాతో ఈ లెక్క వ్రాసికొనుట మేలు.

ఇన్‌హేలరు బాధను తగ్గించును గాని, అది వాడుచు ఆ ధూళినే పీల్చుచున్నచో రోగము లోలోపల ముదురుచునే యుండును. ఆలస్యము మితిమీరినచో పని మానినను ఉబ్బసము మానదు. లక్షణములు తోచిన తొలిదినములలోనే ఆ గాలినుండి తప్పుకొన్నవారికి కోలుకొను అవకాశము అధికము. అయితే కూలివానిని పనినుండి తొలగించుట చికిత్స కాజాలదు. గాలిని శుద్ధిచేయుట చికిత్స. బట్టలుతుకు పొడులలోని ఎంజైములవలన కార్మికులకు ఉబ్బసము కలుగుచున్నదని 1969లో బ్రిటనులో వెల్లడియైన పిదప, ఆ ఎంజైములను ధూళి లేవని పూతగుళికలుగ మార్చిరి. రోగము బహుళముగ తగ్గెను. పొడిచల్లిన రబ్బరు చేతితొడుగులకు స్వస్తిచెప్పిన ఆసుపత్రులలోను ఇట్లే జరిగెను. బేకరీలో పిండిసంచులను విదిలింపక మెల్లగ వంచుట, చీపురుకు మారుగ తడిగుడ్డ వాడుట, ధూళి లేచుచోటనే దానిని లాగివేయు ఫ్యానులమర్చుట గొప్ప వ్యయముతో కూడినవి కావు. ముక్కునకు కట్టుకొను చేతిగుడ్డ సన్నని ధూళిని ఆపజాలదు. తగిన మాస్కు సైతము మిగిలిన ఉపాయములన్నియు చేసిన పిమ్మట చేర్చవలసిన రక్షయే గాని, వానికి బదులు కాదు.

కావున వైద్యుడు వృత్తి పేరుతో తృప్తిపడక, రోగి ఏ పదార్థముతో, ఎట్టి గదిలో పనిచేయుచున్నాడని అడుగవలెను. ఒక్క కార్మికునికి ఈ వ్యాధి నిర్ణయమైనచో, అదే గదిలో అదే గాలిని పీల్చుచున్న తోటివారినందరిని పరీక్షించుట యజమాని తక్షణధర్మము. వారిలో కొందరికి రోగమింకను తుమ్ముల దశయందే యుండవచ్చును, వారిని కాపాడుటకు అదియే తగిన సమయము.