ఓడిన అభ్యర్థికి మిగిలేది

పంచాయతీ ఎన్నికల్లో మొదటిసారి నిలబడి ఓడినవారి గురించి నాలుగు మాటలు.

ఆనేకల్ తాలూకాలో జిగణి పురసభ అయింది గాని, చుట్టుపక్కల పల్లెల్లో జరిగేవి పంచాయతీ ఎన్నికలే. పార్టీ గుర్తులపై పోటీ ఉండదు. 1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సుమారు 400 మంది జనాభాకు ఒక సభ్యుడు. అందుకే రెండు మూడు కుటుంబాల ఓట్లతోనే ఫలితం తారుమారు కావచ్చు.

ఓడినవారికి కష్టమూ అక్కడే. మరునాడు పాల డైరీ దగ్గర ఎవరు ఎదురైనా "ఈయన నాకు వేశాడా?" అనిపిస్తుంది. ఆ లెక్క మొదలుపెట్టకండి. ఓటు రహస్యం కనుక లెక్క తేలదు, చుట్టరికం మాత్రం చెడుతుంది. తెలుగువాళ్లు వేయలేదు, కన్నడంవాళ్లు వేయలేదు అనే మాట అసలే వద్దు. అందరం ఒకే కుళాయి దగ్గర బిందె పెట్టేవాళ్లమే.

అక్రమం జరిగిందనడానికి ఆధారం ఉంటే, ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోగా కోర్టుకు వెళ్లవచ్చు. లేదంటే గ్రామసభ ఉంది. అది ఆరు నెలలకొకసారైనా జరగాలి. అక్కడ అడగడానికి సభ్యత్వం అక్కర్లేదు, ఓటరైతే చాలు. ప్రచారంలో మీరు చెప్పిన మురుగుకాలువ, వీధిదీపాల సంగతి అక్కడ లేవనెత్తండి. మీకు ఓటేసినవారికి మీరు తీర్చవలసిన బాకీ అదే.

సెలవు.