సైకిలు టైరు కొలత

త్రిపురాంతకం వంటి గ్రామములలో పాలక్యానులు మోయు పెద్ద సైకిలు టైరుపై 28×1½ అని యుండును. 28 అంగుళములు రిమ్ము కొలత కాదు. గాలి నింపిన టైరు వెలుపలి వ్యాసము. టైరు అంచు కూర్చొను చోట రిమ్ము వ్యాసము 635 మిల్లీమీటర్లు. దానికి రెండు వైపుల టైరు మందము 38 చొప్పున కలిపిన 711, అనగా 28 అంగుళములు.

26 అంగుళముల టైర్లన్నియు ఒకటి కావు. 26×1⅜ రకమునకు రిమ్ము వ్యాసము 590, లావైన 26×2.00 రకమునకు 559. కావున ఒకదాని టైరు మరొకదానికి పట్టదు.

పెద్ద సైకిలునకు 590 చక్రములు బిగించినచో రిమ్ము అంచు 22.5 మిల్లీమీటర్లు ఇరుసువైపు జరుగును. బ్రేకు రబ్బర్లను తిరిగి సర్దనిదే బ్రేకు సరిగా పట్టదు. పెడలు సుమారు ఒక అంగుళము క్రిందికి దిగి, మలుపులో నేలకు తగులవచ్చును. కొనుటకు ముందు టైరు ప్రక్కనున్న 37-590 వంటి సంఖ్యను చూడవలెను: మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసము.