పాఠశాల సంగీత బోధనలో జనప్రియ గీతముల స్థానము

సంగీత శిక్షణమును సరళీ స్వరములతో ప్రారంభించుట దక్షిణదేశమున చిరకాలపు వాడుక. మాయామాళవగౌళ రాగమున ఈ క్రమము నేర్పరచినవారు పురందరదాసులని సంప్రదాయము. అయితే తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు బాలబాలికలు బడికి వచ్చునప్పటికే ఎన్నో చలనచిత్ర గీతములను కంఠస్థము చేసికొని యుందురు. ఆ పాటలను బడి గుమ్మము వెలుపల విడిచి రమ్మనుట మేలా, వానిపైననే పాఠమును నిలుపుట మేలా యనునది విచారింపదగిన విషయము.

ఇందులకు తిరుత్తణితో ముడివడిన చరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది. 1835లో కీర్తిశేషులైన ముత్తుస్వామి దీక్షితులు తమ తొలి కృతిని తిరుత్తణిలో, మాయామాళవగౌళ రాగముననే రచించిరని ప్రతీతి. వారు యౌవనమున మద్రాసు చెంతనున్న మణలిలో నివసించిరి. కుంఫిణీవారి బ్యాండు మేళములు వాయించు ఐరోపా మెట్లు వారి చెవిని పడినవి. దీక్షితులు వానిని త్రోసిపుచ్చక, ఆ మెట్లకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి. అవియే నోటు స్వర సాహిత్యములు. సుమారు నలువది కలవు. శంకరాభరణ స్వరములలో, గమకముల బరువు లేక నడచుటచే బాలుర కంఠమునకు సులభముగా నమరును. సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగున వెలువరించిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’న వీనికి చోటిచ్చిరి. వాడుకలోనున్న మెట్టు తొలి పాఠము కాగలదని సంప్రదాయమే అంగీకరించినదన్నమాట.

ఇటీవలి పరిశోధనలును ఈ మార్గమునే బలపరచుచున్నవి. ఇంగ్లండున లూసీ గ్రీన్ 2001లో ప్రకటించిన గ్రంథమున పదునలుగురు జనప్రియ సంగీతకారులు నేర్చిన విధమును పరిశీలించిరి. నచ్చిన పాటను మరల మరల విని, అనుకరించి, స్నేహితులతో కలిసి పాడుటయే వారి ప్రధాన సాధన. నేటి తిరువళ్ళూరు జిల్లాలోని కోనేటంపేటలో 1946లో జన్మించిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు శాస్త్రీయ సంగీతమును క్రమముగా అభ్యసింపకయే ‘శంకరాభరణము’ చిత్రగానమునకు జాతీయ పురస్కారము పొందిరి. వినికిడికి గల శక్తి యిట్టిది.

బోధనాక్రమము ఇట్లుండవచ్చును. మొదట లయ. 2023లో ఆస్కారు నందిన ‘నాటు నాటు’ పాట తిశ్ర గతిలో నడచును. పిల్లలు చప్పట్లతో ‘తకిట తకిట’ యని దానిని కొలువవచ్చును. పిదప శ్రుతి, పాట ఎచ్చట విశ్రమించునో వెదకించి షడ్జమును గుర్తింపజేయవలెను. తరువాత స్వరము. ‘తేవర్ మగన్’ (1992) చిత్రమున ఇళయరాజాగారు ‘మాసఱు పొన్నే వరుగ’ పాటను మాయామాళవగౌళలో కూర్చిరి. ఆ తమిళ పాట నెఱిగిన బాలునిచే వెంటనే సరళీ వరుసను పాడించినచో, తాను ఎఱిగిన స్వరములే అందు వినవచ్చును.

దీనివలన భాషకును మేలు కలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. 2006 నాటి చట్టముచే తమిళము తప్పనిసరి పాఠ్యభాషయైన పిమ్మట, తెలుగు చదువు ఇంటివారి శ్రద్ధపైనను ఉపాధ్యాయుని శ్రమపైనను మఱింత ఆధారపడినది. తెలుగున పాడగలిగియు చదువలేని పిల్లవానికి నోటికి వచ్చిన పాటయే మంచి వాచకము. దానిని వ్రాయించి, పదములు విడదీయించి, అర్థము చెప్పించినచో అక్షరము తనంత తానే పట్టుబడును.

అయితే ప్రతి చిత్రగీతమును పాఠమునకు తగదు. సాహిత్యము బాలురకు తగినదై, మెట్టు స్పష్టమై యుండవలెను. గమకములు గురుముఖమున నేర్వవలసినవే. పునాది యే ఇల్లు కాదు. పునాది లేని ఇల్లును లేదు. చలనచిత్ర గీతముతో ప్రారంభించిన బాలుడు త్యాగరాజస్వామి కీర్తనను తెలుగు లిపిలో తానే చదివి, అర్థమెఱిగి పాడగలిగిన నాడు ఈ బోధన సఫలమైనట్లు.