ఇంటి కూడికలో ఎదిగే విశ్వాసం

పది పన్నెండు మంది వారానికి ఒకసారి ఒకరి ఇంట్లో కూడి, బైబిలులోని ఒక భాగం చదివి, దాని గురించి మాట్లాడుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకునేదే చిన్న గుంపు బైబిలు అధ్యయనం. తెలుగు సంఘాల్లో ఇంటి కూడిక, కాటేజీ ప్రేయర్, బైబిల్ స్టడీ అని రకరకాల పేర్లు వినిపిస్తాయి. పైకి అన్నీ ఒకటిగానే కనిపించినా వీటి మధ్య తేడా ఉంది. ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో సాధారణంగా పాస్టరుగారు వాక్యం చెబుతారు, మిగతావారు వింటారు. అధ్యయనంలో వచ్చిన ప్రతివారూ వచనం కేసి చూడాలి, ప్రశ్న అడగాలి, జవాబు వెతకాలి, తన బతుకు గురించి నోరు విప్పాలి. ఆదివారం ఆరాధన ఉండగా ఇది దేనికి అనే ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే దొరుకుతుంది.

క్రైస్తవ్యం మొదట వేళ్లూనుకున్నదే ఇళ్లలో. యెరూషలేములోని తొలి విశ్వాసులు దేవాలయంలో కూడుకుంటూనే ఇంటింటా రొట్టె విరిచేవారని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చెబుతుంది. పౌలు పత్రికల్లో అకుల, ప్రిస్కిల్ల ఇంటి సంఘం, నుంఫా ఇంటి సంఘం పేర్లతో సహా కనిపిస్తాయి. నాలుగో శతాబ్దం నుంచి పెద్ద పెద్ద ఆలయాలు లేచాయి. చెప్పేవారు ఒకరు, వినేవారు వందలమంది అన్న పద్ధతి స్థిరపడింది. లూథరు కాలంలో బైబిలు జనం భాషలోకి వచ్చి చేతికందినా, దాన్ని నలుగురూ కలిసి విప్పి చదివే అలవాటు వెంటనే రాలేదు.

ఆ అలవాటుకు ఊపిరి పోసినవాడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్టరుగా ఉన్న ఫిలిప్ యాకోబ్ స్పేనర్. 1670లో ఆయన తన ఇంట్లోనే కొద్దిమందిని కూర్చోబెట్టి భక్తి గ్రంథాలు, లేఖనాలు చదివించి మాట్లాడించడం మొదలుపెట్టాడు. 1675లో వచ్చిన ఆయన పుస్తకం 'పియా డెసిడెరియా' సామాన్య విశ్వాసులు కూడా వాక్యాన్ని స్వయంగా పరిశోధించాలని వాదించింది. దీని వెంట నడిచిన పయెటిస్టు ఉద్యమం హాలే నగరంలో బలపడింది. ఆ హాలేకూ తెలుగుకూ బంధుత్వం ఉంది. మద్రాసులో పనిచేసిన హాలే మిషనరీ బెంజమిన్ షూల్జ్ తెలుగు నేర్చుకుని రాసిన క్రైస్తవ పుస్తకాలు 1740ల్లో హాలేలోనే అచ్చయ్యాయి. తెలుగు అచ్చు పుస్తకాల్లో అవే మొట్టమొదటివి.

స్పేనర్ గుంపు చేతిలో వాక్యం పెడితే, గుంపులోని మనిషిని పట్టించుకోవడం నేర్పినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ వెస్లీ. ఆయన జీవితమంతా చిన్న గుంపులతో అల్లుకుపోయింది. ఆయన చిన్నతనంలో, భర్త లండన్ వెళ్లిన రోజుల్లో తల్లి సుసన్నా ఎప్‌వర్త్‌లోని ఇంట్లో ఆదివారం సాయంత్రాలు పిల్లలకు ప్రసంగాలు చదివి వినిపించేది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి చేరి చివరికి ఇల్లు పట్టనంతమంది అయ్యారు. 1729లో వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు కొత్త నిబంధన చదివే విద్యార్థుల బృందానికి నాయకుడయ్యాడు. 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూడికకు ఆయన ఇష్టం లేకుండానే వెళ్లాడు. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథరు రాసిన ముందుమాట చదువుతుంటే, క్రీస్తు తన పాపాలు తీసివేశాడన్న నిశ్చయం కలిగింది. వేలమంది మధ్య ప్రసంగించిన ఆ మనిషికి మలుపు ఒక చిన్న గదిలో, పక్కవాళ్లు చదువుతుంటే వింటూ కూర్చున్నప్పుడు వచ్చింది.

వెస్లీ అనుచరులైన మెథడిస్టులు 'క్లాసు' అని పిలిచిన వారపు గుంపు మాత్రం అప్పు తీర్చే ఉపాయంగా పుట్టింది. బ్రిస్టల్‌లో కట్టిన మందిరం మీద అప్పు మిగిలింది. 1742 ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో కెప్టెన్ ఫాయ్ అనే సభ్యుడు, అప్పు తీరేదాకా ప్రతివారూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలన్నాడు. చాలామంది పేదలు, ఇవ్వలేరని ఒకరు అభ్యంతరం చెప్పారు. అయితే అందరికన్నా పేదలైన పదకొండు మందిని తనకు అప్పగించమనీ, వాళ్లు ఇవ్వలేనిది తానే వేసి ఇస్తాననీ ఫాయ్ బదులిచ్చాడు. అలా పన్నెండు మందికి ఒక నాయకుడు ఏర్పడ్డాడు. పెన్నీ కోసం వారం వారం ఇల్లిల్లూ తిరుగుతున్న నాయకులకు తాగుడు, తగాదాలు, ఆకలి, జబ్బు అన్నీ కంటబడ్డాయి. తాను ఇంతకాలం వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గ్రహించాడు. కొద్దికాలానికి ఇంటింటికీ తిరగడం మాని, పన్నెండు మందీ ఒకచోట కూడడం మొదలైంది. ఒక్కొక్కరినీ ఈ వారం నీ ఆత్మ స్థితి ఎలా ఉందని నాయకుడు అడిగేవాడు. స్త్రీలు కూడా నాయకులయ్యారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ప్రసంగం మాత్రమే చాలదని వెస్లీకి అనుభవం చెప్పింది. 1763లో వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ వెళ్లినప్పుడు, ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు విన్న ఆ ప్రాంతంలో గుంపులు కట్టకపోవడం వల్ల, మేలుకున్న పదిమందిలో తొమ్మండుగురు మళ్లీ నిద్రలోకి జారుకున్నారని ఆయన తన డైరీలో వాపోయాడు. ఆయన చనిపోయిన 1791 నాటికి మెథడిస్టు సభ్యులు డెబ్బై వేలు దాటారు. ఆ మెథడిస్టుల వెస్లియన్ మిషనే తరవాతి కాలంలో హైదరాబాదు రాజ్యానికి వచ్చింది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి ఆ మిషను కట్టించినదే.

పందొమ్మిదో శతాబ్దంలో క్లాసులు నీరసించాయి. వారం వారం అదే సాక్ష్యం, అవే మాటలు, చెప్పేవారికీ వినేవారికీ విసుగు. మనిషిని ప్రశ్నించడం ఉంది కానీ ప్రశ్నించడానికి కొత్త వాక్యం లేకపోయింది. దీనికి ఎదురు లోపం మన కాలంలో ఎక్కువ కనిపిస్తుంది. రాజుల పేర్లు, వంశావళులు, అధ్యాయాల సంఖ్యలు అన్నీ నోటికి వచ్చినా, ఇంట్లో కోడలితో మాటలు లేని పరిస్థితి మారదు. వాక్యం ఒక్కటే ఉంటే కూడిక క్విజ్‌గా మారుతుంది, అనుభవాలు మాత్రమే ఉంటే కబుర్లవుతుంది. మంచి గుంపులో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి.

చదివే పద్ధతి సులువైనదే. మొదట వచనంలో ఏముందో చూడడం, తరవాత దాని అర్థం వెతకడం, చివరికి దాన్ని మన జీవితానికి అన్వయించుకోవడం. 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా వంటి విద్యార్థి సంస్థలు కాలేజీ హాస్టళ్లలో ఇలాంటి అధ్యయనాన్నే పెంచాయి.

ఫిలేమోను పత్రికను తీసుకుంటే ఈ పద్ధతి తేటగా కనిపిస్తుంది. ఇరవై అయిదు వచనాలే, ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. గట్టిగా రెండుసార్లు చదివాక ప్రశ్నలు మొదలవుతాయి. రాసినవారు ఎక్కడున్నారు? చెరసాలలో. ఎవరికి రాశారు? ఫిలేమోనుకు, కానీ ఆయన ఒక్కడికే కాదు. అప్ఫియకు, అర్ఖిప్పుకు, ఆ ఇంట్లో కూడే సంఘానికి కూడా. ఈ చిన్న సంగతి చాలామంది దాటేసి వెళ్తారు. యజమానిని వదిలి వెళ్లిన దాసుడు ఒనేసిము గురించిన విన్నపం ఇంటి కూడికలో అందరి ముందూ చదివేందుకు వచ్చిందన్నమాట.

ఇక అర్థం. ఆజ్ఞాపించే హక్కు ఉన్న పౌలు బతిమాలుతున్నాడెందుకు? ఒనేసిము అప్పు ఉంటే తన లెక్కలో వేయమని స్వహస్తంతో ఎందుకు రాశాడు? దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్నాక ఆ ఇంట్లో పాత వరస ఎలా మిగులుతుంది? ఇక్కడ నాయకుడు తొందరపడి జవాబు చెప్పేస్తే సాయంత్రం వృథా. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా ఓపిక పట్టాలి. ఆ నిశ్శబ్దంలోనే, ఎప్పుడూ నోరు తెరవని వ్యక్తి తలెత్తుతాడు.

అన్వయం తెలుగు ఇంటి దాకా రాక తప్పదు. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇంట్లో, సంబంధాలకు కులం అడిగే విశ్వాసుల మధ్య, కూలి డబ్బులు రేపు మాపంటూ తిప్పుకునే చోట ఈ పత్రిక ఏమంటోంది? అందరం ప్రేమించుకోవాలి అన్న జవాబుతో లేచిపోతే అన్వయం జరగనట్టే. ఎవరి బాకీ, ఏ రోజుకు తీరుస్తారు అన్నంత సూటిగా మాట పడాలి. వచ్చే వారం ఏమైందని అడిగేవారు ఉండాలి. వెస్లీ క్లాసుకున్న బలం ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

విశ్వాసంలో ఎదుగుదలను కొలవడానికి కూడా ఇదే కొలత. గలతీ పత్రిక ఆత్మ ఫలాలుగా చెప్పే ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం మనుషుల మధ్యే బయటపడతాయి, ఒంటరిగా కూర్చున్నవారి ఓర్పుకు పరీక్ష ఉండదు. గుంపులో విసిగించేవారు ఉంటారు, అదే మాట పదేపదే చెప్పేవారు ఉంటారు, ఆలస్యంగా వచ్చేవారు ఉంటారు. వారితో ఏడాది పాటు కూర్చోవడం సగం పాఠం.

చదువు రానివారికి ఈ పద్ధతిలో చోటు ఉందా అన్న సందేహం సహజం. ఉంది. తెలుగు కొత్త నిబంధన 1818లోనే సేరంపూర్‌లో అచ్చయినా, పల్లెల్లో ఎన్నో తరాలు వాక్యాన్ని చెవులతోనే అందుకున్నాయి, కథలుగా, పాటలుగా కంఠతా పట్టాయి. ఇప్పటికీ ఒకరు చదివితే, విన్న కథను మరొకరు సొంత మాటల్లో తిరిగి చెప్పే పద్ధతి బాగా పనిచేస్తుంది. చాలా ఇళ్లలో ఉండే పాత అనువాదంలోని గ్రాంథిక భాషకు అది మంచి విరుగుడు కూడా. తిరిగి చెప్పేటప్పుడు ఏది అర్థం కాలేదో వెంటనే తేలిపోతుంది.

జాగ్రత్త పడవలసినవీ ఉన్నాయి. ప్రార్థన మనవి పేరుతో ఒకరి ఇంటి గుట్టు వీధికెక్కకూడదు. అలా ఒక్కసారి జరిగినా గుంపులో ఎవరూ మనసు విప్పరు. వెస్లీ 'బ్యాండు' అనే తన చిన్న గుంపుల్లో పురుషులను, స్త్రీలను వేరుగా ఉంచడానికి కారణం, మనుషులు దాపరికం లేకుండా ఒప్పుకోవాలని. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు చదివినట్టు ఒక్క వచనాన్ని చుట్టుపక్కల నుంచి తెంపి చదివితే, దానితో ఏదైనా చెప్పించవచ్చు. పై వచనం, కింది వచనం చూసే అలవాటు గుంపులో అందరికీ ఉంటే, తప్పు బోధ వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆపుతారు. నాయకుడికి పెద్ద చదువు అక్కర్లేదు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, పాస్టరుగారిని అడిగి వచ్చే వారం చెబుతానంటే చాలు. పలహారాలు కూడా టీ, బిస్కెట్ల దగ్గరే ఆగాలి. ఒక ఇంట్లో విందు పెడితే, పేదవారు తమ ఇంటికి గుంపును పిలవడానికి వెనకాడతారు.

సమయం ఆయా ఊళ్లను బట్టి కుదురుతుంది. కువైట్‌లోని తెలుగువారికి సెలవు రోజైన శుక్రవారం అనువు. బయటికి రావడానికి వీలులేని ఇంటి పనివారు ఫోనులోనే వినవలసి వస్తుంది. పన్నెండు దాటి పదిహేనుకు చేరినప్పుడు గుంపును రెండు చేయాలి. ఇది ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా ఇరవైమందిలో మాట్లాడేవారు అయిదుగురే మిగులుతారు. అందుకే నాయకుడి పక్కన ఒక సహాయకుడు మొదటి నుంచీ ఉండి, నెలకు ఒకసారైనా తానే నడిపించాలి. విడిపోయే రోజుకు రెండో ఇల్లు, రెండో నాయకుడు సిద్ధంగా ఉంటారు.